తోకలూ పాదాలూ వున్న అక్షరాలు

పిల్లలూ! మీ ఇంట్లో వున్న ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటి తెరిచి, అందులో పెద్ద 'ఐ' అనే అక్షరం ఎక్కడ వుందో వెతకండి. మీరు పలక మీద రాసినప్పుడు అది ఒక నిలువు గీత మాత్రమే. కాని చాలా పుస్తకాలలో ఆ గీతకు కింద ఒక చిన్న పాదమూ, పైన ఒక చిన్న టోపీ వుంటాయి. గుడి మంటపంలో స్తంభానికి కింద పీఠమూ, పైన దిమ్మా వున్నట్టే వుంటుంది. ఈ చిన్న గీతలను ఇంగ్లీషులో 'సెరిఫ్' అంటారు. మనం వాటిని పాదాలు అనుకుందాం.

మన 'క' మీద వుండే తలకట్టు కూడా ఇలాంటిదే గదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. అది వేరు, ఇది వేరు. తలకట్టు తీసి గుడి పెడితే 'కి' అవుతుంది, పొల్లు పెడితే 'క్' అవుతుంది. అంటే తలకట్టుకు ఒక ధ్వని వున్నదన్నమాట. ఇంగ్లీషు అక్షరానికి పాదాలు తీసివేసినా ధ్వని ఏమీ మారదు. అది వొట్టి అలంకారం. మరి ధ్వనితో పనిలేని ఈ అలంకారం రెండు వేల ఏళ్ళుగా ఎందుకు నిలిచి వుంది? దానిని ఎక్కడ వాడాలి? ఎక్కడ వాడకూడదు? ఈ సంగతి తెలుసుకోవడానికి కాస్లన్ అనే అక్షరాల కథ కంటే మంచిది లేదు.

పాదాలు ఎలా పుట్టాయి?

రోము నగరంలో ట్రేజన్ చక్రవర్తి విజయస్తంభం ఒకటి వుంది. క్రీస్తు శకం 113లో దానిని నిలబెట్టారు. దాని అడుగున రాతి మీద చెక్కిన పెద్ద అక్షరాలను చూడడానికి నేటికీ దేశదేశాల చిత్రకారులు వెళుతుంటారు. ఆ అక్షరాల చివరలలో సన్నని పాదాలు స్పష్టంగా కనపడతాయి. శిల్పి ఉలి పట్టకముందే లేఖకుడు కుంచెతో రాతి మీద అక్షరాలు రాసేవాడనీ, కుంచెను ఆపి పైకి తీసే చోట ఈ పాదం ఏర్పడిందనీ కొందరు పండితులు అంటారు.

ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఇలా రాతి మీదనుంచి వచ్చాయి. చిన్న అక్షరాలు మాత్రం కలం నుంచి వచ్చాయి. అచ్చుయంత్రం లేని రోజుల్లో లేఖకులు చదును మొన వున్న కలంతో పుస్తకాలు రాసేవారు. మీరు కూడా ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. ఒక వెదురుపుల్ల కొనను ఉలి మొనలాగా చదునుగా చెక్కమని పెద్దవాళ్ళను అడగండి. దానిని సిరాలో ముంచి, కొంచెం ఏటవాలుగా పట్టుకొని, చెయ్యి తిప్పకుండా ఒక సున్నా చుట్టండి. సున్నా ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా వస్తుంది. ఆ సన్నని భాగాలు నిట్టనిలువుగా పైనా కిందా కాకుండా, కొంచెం పక్కకు ఒరిగి వుంటాయి. పాత పద్ధతి అచ్చు అక్షరాలకు గుర్తు ఇదే. 1470లో వెనిసు నగరంలో నికొలా జాన్సన్ అనే ఫ్రెంచివాడు ఆ రాతి అక్షరాలనూ, ఈ కలం అక్షరాలనూ ఒకే కుటుంబంగా కలిపి చక్కని అచ్చు పోశాడు. తరువాత వచ్చిన వారెందరో ఆ దారినే నడిచారు. వారిలో ఒకడు విలియం కాస్లన్.

తుపాకుల మీద పూలు చెక్కినవాడు

కాస్లన్ ఇంగ్లండులో క్రాడ్లీ అనే వూళ్ళో 1690ల మొదట్లో పుట్టాడు. చిన్నతనంలోనే లండను వచ్చి, లోహం మీద చెక్కడం నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో గొప్పవారి తుపాకుల మీద లతలూ, పూలూ, మృగాలూ చెక్కించుకునేవారు. కాస్లన్ వృత్తి అదే. దానితోపాటు పుస్తకాల అట్టల మీద పేర్లు ముద్రించే లోహపు అచ్చులు కూడా చేసేవాడు.

అప్పట్లో ఇంగ్లండులో మంచి అచ్చు అక్షరాలు పోసేవారు తక్కువ. ముద్రాపకులు ఎక్కువగా హాలెండు దేశం నుంచి అక్షరాలు తెప్పించుకునేవారు. ఒక అట్ట మీద కాస్లన్ చేసిన అక్షరాలు కొందరు ముద్రాపకుల కంటపడ్డాయి. వారిలో విలియం బోయర్ అనే ఆయన అతనిని ఒక అక్షరాల కర్మాగారానికి తీసుకువెళ్ళాడు. కాస్లన్ అంతకు ముందు ఆ పని ఎన్నడూ చూడలేదు. "ఇది నీవు చేయగలవా?" అని ఆయన అడిగితే, "ఒక్కరోజు ఆలోచించి చెబుతాను" అన్నాడట. మరునాడు వచ్చి చేయగలనన్నాడు. ముగ్గురు ముద్రాపకులు కలిసి అతనికి 500 పౌనులు అప్పు ఇచ్చారని చెబుతారు.

1720 ప్రాంతంలో, తూర్పుదేశాల క్రైస్తవుల కోసం పుస్తకాలు అచ్చువేయదలచిన ఒక సంఘం వారు కాస్లన్ చేత అరబ్బీ అక్షరాలు చేయించారు. ఆ నమూనా కాగితం అడుగున తన పేరు వేసుకోవడానికి అతను కొన్ని ఇంగ్లీషు అక్షరాలు కూడా చెక్కుకున్నాడు. చూసినవాళ్ళు ఆ అడుగున వున్న పేరును కూడా మెచ్చుకున్నారు. "ఈ మిగతా అక్షరాలు కూడా పూర్తి చెయ్యి" అన్నారు. పని కోసం చేసినదాని పక్కన, సంతకం కోసం చేసినది అతని జీవితాన్నే మార్చివేసింది!

1734లో తాను పోసిన అక్షరాలన్నిటినీ ఒక పెద్ద కాగితం మీద అచ్చువేసి చూపించాడు. ఆ తరువాత ఇంగ్లండు ముద్రాపకులకు హాలెండు వైపు చూడవలసిన అవసరం దాదాపుగా తీరిపోయింది.

ఒక్కొక్క అక్షరానికి ఎంత పని!

అప్పటి అక్షరం ఇప్పటివలె మీట నొక్కితే వచ్చేది కాదు. ముందు చిన్న ఉక్కు కడ్డీ కొన మీద ఆకురాయితోనూ, సన్నని ఉలితోనూ అక్షరాన్ని తిరగవేసి చెక్కాలి. అద్దంలో కనపడినట్టు వుండాలన్నమాట. తరువాత ఉక్కును కాల్చి గట్టిపరచి, మెత్తని రాగి ముక్క మీద పెట్టి సుత్తితో కొట్టాలి. రాగిలో అక్షరం గుంటగా పడుతుంది. ఆ రాగిముక్కను ఒక చేతి మూసలో అమర్చి, కరిగిన లోహం పోస్తే అక్షరం తయారవుతుంది.

ఆ లోహంలో ముఖ్యమైనది సీసం. సీసం 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కరుగుతుంది. కాని వొట్టి సీసం మెత్తన. అచ్చుయంత్రం నొక్కుడుకు అణగిపోతుంది. అందుకని దానిలో తగరమూ, అంటిమొనీ అనే మరొక లోహమూ కలుపుతారు. అంటిమొనీ వల్ల అక్షరం గట్టిపడుతుంది. చల్లారేటప్పుడు కుంచించుకుపోవడం కూడా తగ్గుతుంది. అందువల్ల సన్నని పాదాలు కూడా తెగకుండా, చెడకుండా దిగుతాయి. చూశారా! అలంకారం అనుకున్న పాదం నిలబడడానికి కూడా రసాయన శాస్త్రం కావలసి వచ్చింది.

కాస్లన్ అక్షరాల నడవడి

మనుషులకు వున్నట్టే అక్షరాలకూ ఒక నడవడి వుంటుంది. కాస్లన్ పెద్ద 'ఎ' తల మీద చూడండి: అక్కడ ఉలితో చిన్న నొక్కు తీసినట్టు వుంటుంది. పెద్ద 'సి'కి పై కొనకూ, కింది కొనకూ కూడా పాదాలుంటాయి. 'క్యూ' అనే అక్షరం తోకను పక్క అక్షరం కిందికి చాచుకొని కూర్చుంటుంది. పాదాలు నిలువుగీతతో మూల తిరిగి కలవవు. చెట్టు మొదలు నేలలోకి దిగినట్టు వంపు తిరిగి కలుస్తాయి.

ఏటవాలుగా వుండే 'ఇటాలిక్' అక్షరాలలో సొగసు మరీ ఎక్కువ. వాటిలో కొన్ని పెద్ద అక్షరాలు తోకలు తిప్పుకొని, ఉత్తరీయం గాలికి ఎగిరినట్టు వుంటాయి. వీటిని 'స్వాష్' అక్షరాలంటారు. మరియు అనే అర్థం ఇచ్చే గుర్తు వుంది గదా, రెండు పేర్ల మధ్య వేస్తారే, అది కాస్లన్ ఇటాలిక్‌లో ఒక ముగ్గులాగా వుంటుంది. లాటిను భాషలో మరియు అనడానికి 'ఎత్' అనే మాట వుంది. దానిలోని రెండు అక్షరాలూ పెనవేసుకొనిపోగా వచ్చినదే ఆ గుర్తు. ఒత్తులు రాసే మనకు ఇది వింత కాదు. ఇవి గాక, పుటల అంచులకు వేసుకోవడానికి పూలూ, ఆకులూ కూడా కాస్లన్ కర్మాగారంలో పోసి అమ్మేవారు.

అన్ని సొగసులూ ఒంటికి పనికిరానివి కావు. చిన్న 'ఎఫ్' తల ముందుకు వంగి వుంటుంది. దాని పక్కన చిన్న 'ఐ' వస్తే ఆ తల 'ఐ' చుక్కను ఢీకొంటుంది, సీసం విరిగిపోతుంది. అందుకని రెండింటినీ కలిపి ఒకే అచ్చుగా పోసేవారు. చూడడానికి అందంగా వున్నది పనికోసం పుట్టినదే!

కాస్లన్ అక్షరాలలో ఒక విచిత్రం వుంది. ఒక్కొక్క అక్షరాన్ని విడిగా తీసి పరీక్షిస్తే అక్కడక్కడ వంకలు కనపడతాయి. ఒకటి కొంచెం వెడల్పు, ఒకటి కొంచెం ఇరుకు. ఇటాలిక్‌లోని పెద్ద అక్షరాలన్నీ ఒకే వాలులో వాలవు. కాని అవన్నీ ఒక పుటలో చేరేసరికి ఆ వంకలు కనపడకుండా పోయి, పుట అంతా ఒకే రంగుగా, ప్రశాంతంగా వుంటుంది. కాస్లన్‌కు సంగీతమంటే ప్రాణం. తన ఇంట్లో స్నేహితులను చేర్చి వాద్యగోష్ఠులు పెట్టేవాడు. వచ్చినవారు వెన్నెలలో ఇళ్ళకు వెళ్ళడానికి వీలుగా పున్నమి దగ్గర రోజులు చూసి పెట్టేవాడట. మేళంలో ఎవరి వాద్యం వారు మోగిస్తూనే పక్కవాడిని మించిపోకుండా వుండాలని అతనికి తెలుసు. అతని అక్షరాలు కూడా ఆ సంగతి తెలిసినట్టే వుంటాయి.

పేరు చూసి తీర్పు చెప్పినవాడు

ఆ కాలంలోనే బర్మింగ్‌హాం నగరంలో జాన్ బాస్కర్విల్ అనే ఆయన వేరొక పద్ధతి అక్షరాలు చేశాడు. వాటిలో సన్నగీతలు మరింత సన్నం, లావుగీతలు మరింత లావు. అవి కళ్ళకు చెరుపని కొందరు ఆయనను ఆడిపోసుకున్నారు.

అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీరు విన్నారు. మెరుపు విద్యుత్తేనని చెప్పినవాడు. ఆయన వృత్తి చేత ముద్రాపకుడు. ఒకనాడు ఒక పెద్దమనిషి ఆయన దగ్గర బాస్కర్విల్ అక్షరాలను తిట్టాడు. వాటితో దేశంలో చదివేవాళ్ళ కళ్ళన్నీ పోతాయన్నాడు. ఫ్రాంక్లిన్ లోపలికి వెళ్ళి, కాస్లన్ నమూనా కాగితం తీసి, పైన వున్న పేరు చించివేసి, దానిని బాస్కర్విల్‌దని చెప్పి ఆయన చేతిలో పెట్టాడు. ఆ పెద్దమనిషి వరసగా ఒక్కొక్క అక్షరం చూపించి, ఇది తప్పు, ఇది తప్పు అంటూ వచ్చాడు. ఆయన రోజూ హాయిగా చదువుకుంటున్న పుస్తకాలు ఆ కాస్లన్ అక్షరాలలోనే అచ్చయినవి! ఆయన సిగ్గుపడతాడని ఫ్రాంక్లిన్ నిజం చెప్పకుండా వూరుకున్నాడు. 1760లో ఈ సంగతి తానే బాస్కర్విల్‌కు ఉత్తరం రాశాడు.

పిల్లలూ, అక్షరం మంచిదో కాదో చెప్పవలసింది మన కన్ను. దాని పేరు కాదు.

ఒక రాత్రి పని

1776 జూలై 4న అమెరికా ప్రతినిధులు ఫిలడెల్ఫియా నగరంలో స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించారు. ఆ సాయంకాలమే దానిని జాన్ డన్లప్ అనే ముద్రాపకుడికి అందజేశారు. అతను ఆ రాత్రికి రాత్రి అక్షరాలు కూర్చి, సుమారు 200 ప్రతులు అచ్చువేశాడు. మరునాటి నుంచి రౌతులు వాటిని వూరూరికీ తీసుకుపోయారు. వాటిలో ఇప్పుడు 26 ప్రతులు మాత్రమే మిగిలి వున్నట్టు తెలుస్తుంది.

ఆ ప్రకటనను అచ్చువేసింది కాస్లన్ అక్షరాలతోనే. ఆ కాగితం మీద పైన శీర్షిక పెద్దగా, హుందాగా వుంటుంది. కింద విషయమంతా చిన్న అక్షరాలతో, ఆడంబరం లేకుండా వుంటుంది. సంత మధ్య నిలబడి ఒకడు గట్టిగా చదివి వినిపించవలసిన కాగితం అది. చదివేవాడు ఎక్కడా తడబడకూడదు. ఇంగ్లండు రాజును కాదన్న ప్రకటన ఇంగ్లండు అక్షరాలతోనే అచ్చయింది, చూశారా! అక్షరానికి పక్షపాతం లేదు.

పోవడమూ, తిరిగి రావడమూ

కాస్లన్ 1766లో చనిపోయాడు. శతాబ్దం మారేసరికి కాలం మారింది. ఇటలీలో బొదోని, ఫ్రాన్సులో దిదో వంటివారు వెంట్రుక వంటి సన్నగీతలతో కొత్త అక్షరాలు తెచ్చారు. జనం వాటి వెంటపడ్డారు. కాస్లన్ అచ్చులు మూలపడ్డాయి.

1844లో లండనులో ఒక పుస్తకం అచ్చయింది. అది రెండువందల ఏళ్ళ కిందటి ఒక స్త్రీ రాసుకున్న దినచర్య వలె కల్పించిన కథ. పుస్తకం చేతిలోకి తీసుకోగానే పాత కాలంలోకి వెళ్ళినట్టు వుండాలని, చిజ్విక్ ప్రెస్సు వారు మూలపడిన కాస్లన్ అక్షరాలను మళ్ళీ బయటికి తీశారు. పాఠకులు సంతోషించారు. అక్కడినుంచి కాస్లన్ మళ్ళీ బతికింది. 1990లో కరోల్ ట్వాంబ్లీ అనే చిత్రకారిణి కాస్లన్ నాటి అచ్చుకాగితాలు పరిశీలించి, కంప్యూటరు కోసం ఆ అక్షరాలను తిరిగి గీసింది. తోకల అక్షరాలూ, పూలూ కూడా అందులో వున్నాయి. అమెరికాలో 1925లో మొదలైన 'న్యూయార్కర్' పత్రిక శీర్షికలు వేరొక సింగారపు అక్షరాలలో వుంటాయి. లోపలి వ్యాసాలు మాత్రం కాస్లన్‌లో వుంటాయి.

మరి మనం ఎక్కడ వాడాలి?

ఇప్పుడు మీలో చాలామంది పాఠశాల ఉత్సవాలకు కంప్యూటరు మీద ప్రకటనలు తయారు చేస్తున్నారు. అందులో వందలకొద్దీ అక్షరరూపాలున్నాయి. వాటిని చూస్తే మిఠాయి దుకాణంలో అడుగుపెట్టినట్టే వుంటుంది. కనక నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

మొదటిది: తోకల పెద్ద అక్షరం మాటకు ఒక్కటి చాలు, అదీ మొదట్లో. మాటంతా తోకల పెద్ద అక్షరాలతో నింపితే, ఒకదాని తోక ఒకదాని మెడకు చుట్టుకొని ఏమీ బోధపడదు. పెళ్ళిలో కిరీటం పెళ్ళికొడుక్కి ఒక్కడికే. పందిట్లో అందరూ పెట్టుకుంటే పెళ్ళికొడుకు ఎవరో తెలియదు.

రెండవది: సింగారపు అక్షరాలు పుస్తకం అట్టకూ, శుభలేఖకూ, బహుమతి పత్రం మీద పేరుకూ బాగుంటాయి. అక్కడ చదివేవాడికి తీరిక వుంటుంది, మాటలు కొద్ది. బస్సు మీద వూరి పేరుకూ, ప్రశ్నపత్రానికీ, మందు సీసాకూ అవి పనికిరావు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే, మసక వెలుతురులో తల్లి సీసా తిప్పి ఎన్ని చుక్కలు వేయాలో చదవాలి. అక్కడ ఒక్క తోక అంకెను మరుగుపరిచినా ముప్పే. అలంకారం మన సరదా, ప్రమాదం చదివేవాడిది.

మూడవది: పాతపద్ధతి అంకెలు ఒకే ఎత్తులో వుండవు. మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది గీత కిందికి దిగుతాయి. ఆరు, ఎనిమిది పైకి లేస్తాయి. వాక్యం మధ్యలో అవి ముచ్చటగా వుంటాయి. మార్కుల పట్టికలో మాత్రం ఎగుడుదిగుడుగా కనపడతాయి. అక్కడ సమానమైన అంకెలే వాడాలి.

నాలుగవది: పాదాలున్న అక్షరమే చదవడానికి సులువని కొందరు గట్టిగా చెబుతారు. పరీక్షలు చేసి చూసినవారికి పెద్ద తేడా కనపడలేదు. అక్షరం సైజు, వరసల మధ్య ఖాళీ, కాగితానికీ సిరాకూ మధ్య తేడా, ఇవే ముఖ్యం. అయితే పాదాలవల్ల ఒక లాభం లేకపోలేదు. పాదాలు లేని అక్షరాలలో పెద్ద 'ఐ', చిన్న 'ఎల్' చాలాసార్లు ఒకే గీతగా వుంటాయి. పాదాలుంటే రెంటినీ పోల్చుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ప్రకటన తయారు చేసి తెచ్చినప్పుడు, "బాగుందా?" అని అడుగుతారు. వెంటనే బాగుందని అనకండి. దానిని గోడకు తగిలించి, పదడుగుల దూరం నిలబడి, మీరే గట్టిగా చదవండి. ఎక్కడ తడబడ్డారో పిల్లలే పట్టుకుంటారు. అక్కడ తోక కత్తిరించడం వాళ్ళకే తెలుస్తుంది.

మన ఇళ్ళల్లో ముగ్గు వాకిట్లో వేస్తారు. వంటింట్లో నడిచే దారికి అడ్డంగా వేయరు. ముగ్గు వచ్చినవారిని లోపలికి పిలుస్తుంది. లోపలికి వచ్చాక వారికి కావలసింది కూర్చునే చోటూ, వెలుతురూ. పుస్తకం కూడా అంతే. అట్ట మీద అక్షరం పిలవాలి. లోపలి అక్షరం పక్కకు తప్పుకొని, కథను ముందుకు పంపాలి. ఈ రెండు పనులూ తెలిసిన అక్షరాలు కనకనే కాస్లన్ అక్షరాలు మూడు వందల ఏళ్ళు నిలిచాయి.